తోటకబురు తొలి సంచిక

రెండు వేల ఏడులో, కార్తీకమాసం మొదలైన వారంలో ఒక సోమవారం పొద్దున్నే వెంకటేశ్వరమ్మ చిలకలూరిపేట మార్కెట్ రోడ్డులో బస్సు దిగి, బుల్లయ్య పురుగుమందుల కొట్టు పక్కనున్న మెట్లెక్కింది. చేతిలో పిల్లలు బడికి తీసుకెళ్లే పొడుగు నోటుపుస్తకం. పైగదిలో నగ్మా ఇంకా నేల ఊడుస్తోంది.

"ఏమ్మాయ్, నీ మిషన్లు లేచినయ్యా?" అంది గుమ్మంలోనే చెప్పులు విడుస్తూ.

"లేపుతున్నా పిన్నీ, కూర్చో."

నగ్మాకు ఇరవై నాలుగేళ్లు. బీకాం కంప్యూటర్స్ చదివి, ఆ గదిలో మూడు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటరు, ఒక పాత జెరాక్స్ మిషను పెట్టుకుని రెండేళ్లుగా నెట్ సెంటరు నడుపుతోంది. నాన్న ఇమాం హుస్సేన్ పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లులో ఫిట్టరు. ఆడపిల్ల ఒక్కతే కొట్టు పెడుతుందంటే ఆ రోడ్డులో ఎవరూ గది ఇవ్వలేదు. చివరికి బుల్లయ్యే, "మన హుస్సేన్ కూతురే కదా, పైగది ఖాళీగానే ఉంది, పెట్టుకోనీ" అన్నాడు. ఆ మాట ఇమాం హుస్సేన్ ఇప్పటికీ తలుచుకుంటూనే ఉంటాడు.

వెంకటేశ్వరమ్మది నాదెండ్ల దారిలో ఒక పల్లె. యాభై దాటిన మనిషి. మూడెకరాల మిరప తోట, ఎకరం పత్తి. కొన్న మందులు మానేసి వేపగింజల కషాయంతో, పురుగులు అంటుకునేలా జిగురు పూసిన నీలం అట్టలతో తోటల్ని కాపాడుకునే ఆడవాళ్లు పద్నాలుగు మంది ఒక జట్టుగా ఉంటే, ఆ జట్టుకు ఆమె పెద్ద. ఐదో తరగతి దాకా చదివింది. అక్షరాలు గుండ్రంగా, పెద్దగా, గీత మీద ఒక్కటి కూడా జారకుండా రాస్తుంది.

ఆ నోటుపుస్తకంలో పేజీ తెరిచి నగ్మా ముందు పెట్టింది. పదకొండు మంది రైతుల పేర్లు, ఊళ్లు, మందు కొట్టిన తేదీలు, తోటకు ఏమైందీ వరసగా రాసి ఉన్నాయి. అందరూ కొట్టింది ఒక్కటే. హరితవజ్ర అని ఆకుపచ్చ సీసాలో వస్తున్న 'బయో' మందు. కొట్టిన ఐదో రోజుకు ఆకు ముడుచుకుపోయింది, పదో రోజుకు పూత రాలింది. కాపుకు రావలసిన తోటలు గిడసబారి నిలబడ్డాయి.

"ఇది నాలుగూళ్లకు తెలియాల. ఇంకా మందు కొట్టనివాళ్లు ఎంతమందో ఉన్నారు. ప్రెస్సాయన దగ్గరికెళ్లి కరపత్రం వెయ్యమన్నా. మందుల కొట్లవాళ్ల బిల్లు పుస్తకాలు వేసి బతికేవాణ్ణి, నన్నొదిలెయ్ తల్లీ అన్నాడు."

నగ్మా పేజీ అంతా చదివింది. చీపురు మూల పెట్టి వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది.

"ఈమెయిల్లో పంపుదాం పిన్నీ. ప్రతి నెలా. పత్రికలాగా."

"ఎవరు చదువుతారే దాన్ని? మా ఊరి మొత్తానికి బళ్లో ఒక కంప్యూటరుంది. దానికి గుడ్డ కప్పి దణ్ణం పెడుతున్నారు."

"ఊళ్లోవాళ్లు కంప్యూటర్లో చదవక్కర్లేదు. సత్తెనపల్లిలో సుభానీ అన్న ఉన్నాడు, పర్చూరులో అఖిల ఉంది. ఇట్లా నాలాగే నెట్ సెంటర్లు పెట్టుకున్నవాళ్లు ఏడెనిమిది మంది నాకు తెలుసు. పరీక్షల రిజల్ట్సప్పుడు ఒకరికొకరం సాయం చేసుకుంటాం. ఒక్కొక్కళ్లూ ఒక కాపీ తీసి తలుపు మీద అంటిస్తే చాలు. వ్యవసాయ ఆఫీసులకు, కాలేజీ పిల్లలకు, విలేకర్లకు నేరుగా పోతుంది. ప్రెస్సు లేదు, కాగితం ఖర్చు లేదు, ఎవణ్ణీ బతిమాలేది లేదు."

ఆ చివరి మాట వెంకటేశ్వరమ్మకు నచ్చింది. అప్పటికప్పుడే పేరు కూడా పెట్టేసింది, తోటకబురు అని.

కానీ పని అనుకున్నంత తేలిగ్గా సాగలేదు. నగ్మా ఆ పేజీని రోజూ శుభలేఖలకు వాడే తెలుగు ఫాంటులో కొట్టి సుభానీకి పంపింది. పది నిమిషాల్లో ఫోనొచ్చింది.

"ఇదేం భాష చెల్లెమ్మా? ఇంగ్లీషు అక్షరాలు కొట్టుకు చచ్చినట్టున్నాయి."

ఆ ఫాంటు అవతలి మిషన్లో లేకపోతే అంతేనని ఆమెకు అప్పుడు తెలిసింది. ఎక్కడైనా కనపడే తెలుగు వేరే ఉందని వెతికి, దాంట్లో మళ్లీ కొట్టడం నేర్చుకుని, మూడు రోజుల తర్వాత మళ్లీ పంపింది.

"ఇప్పుడు డబ్బాలొచ్చినయ్. వరసగా, బియ్యం డబ్బాల్లాగా" అన్నాడు సుభానీ.

ఫోను చెవికి ఆనించుకునే, కంట్రోల్ ప్యానెల్లో ఎక్కడ నొక్కాలో, ఏ సీడీ పెట్టాలో చెప్పి, అతని మిషన్లో తెలుగు తెప్పించేసరికి నగ్మా చెవి ఎర్రబడింది. ఇలాగే పర్చూరులో, ఇలాగే మిగతా చోట్లా. అంతా అయ్యాక సుభానీ కాగితం తీసి తలుపు మీద అంటించి, సాయంత్రం ఫోను చేశాడు.

"చదవడానికి వస్తోంది గానీ చెల్లెమ్మా, కరెంటాఫీసు నోటీసులాగుంది. జనం దాన్ని చూసి పక్కకు తప్పుకుపోతున్నారు. దానికో ముఖం ఉండాల."

ముఖం కోసం ఆమె నెట్లో వెతికింది. ఈమెయిల్ పత్రికలకు ముందే గీసి పెట్టిన నమూనాలు, టెంప్లేట్లు, ఉచితమని రాసి వందల కొద్దీ దొరికాయి. తర్వాతి సోమవారం వెంకటేశ్వరమ్మ వచ్చేసరికి ఒక్కొక్కటీ తెరిచి చూపించడానికి సిద్ధంగా ఉంది.

మొదటిదాంట్లో మంచు కురుస్తోంది. ఇంటి కప్పు మీద, చెట్ల మీద, అక్షరాల మీద కూడా మంచే.

"ఇది పత్తి అనుకుంటారే అమ్మాయ్" అంది వెంకటేశ్వరమ్మ.

రెండోదాంట్లో రెండు గ్లాసులు ఒకదానికొకటి తగులుతున్నాయి. దాన్ని చూసి ఆమె వద్దన్నట్టు చెయ్యి ఊపింది. మూడోది పూలతీగలతో పెళ్లి శుభలేఖలా ఉంది. నాలుగోదాంట్లో టై కట్టుకున్న తెల్లవాడొకడు చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు.

"ఈయనెవరు?"

"ఎవరూ కాదు పిన్నీ, ఊరికే బొమ్మ."

"కంపెనీ ఏజెంటులాగున్నాడు. వద్దు. వీణ్ణి చూస్తే ఏదో కొనమంటాడనిపిస్తోంది."

వ్యవసాయమని వెతికితే ఎర్రరంగు పెద్ద కొట్టాలు, కనుచూపు మేరా ఒక్క మనిషీ లేని గోధుమ చేలు, ఇల్లంత ట్రాక్టర్లు వచ్చాయి. వెంకటేశ్వరమ్మ కళ్లద్దాలు సర్దుకుని వాటిని కాసేపు చూసింది. "ఇంత చేనుకు కలుపు ఎవరు తీస్తారో" అంది.

ఉచితమన్న మాట కూడా అన్నిచోట్లా ఒకలా లేదు. ఒకటి అంతా నింపి పంపబోయే ముందు బ్యాంకు కార్డు నంబరు అడిగింది. ఒకటి పదిహేను రోజుల తర్వాత డబ్బు కట్టమంది. ఇంకోదానికి పేజీ నడుమ వాళ్ల ప్రకటన కదులుతూ మెరుస్తూ ఉంటుంది. నగ్మా ప్రతిదాని కిందా చీమతలకాయలంత అక్షరాల్లో ఉన్న షరతులన్నీ చదివి, వెంకటేశ్వరమ్మ నోటుపుస్తకం వెనక పేజీలో ఇది ఎందుకు పనికిరాదో రాసుకుంటూ పోయింది.

మధ్యాహ్నానికి ఆకుపచ్చ పట్టీతో, పైన మొక్క బొమ్మతో ఉన్న ఒకదాని దగ్గర ఇద్దరూ ఆగారు. తెర మీద కంటికి చల్లగా ఉంది. నగ్మా ముచ్చటపడి ప్రింటు కొట్టింది. పచ్చపట్టీ కాస్తా నల్లటి దిమ్మయి కూర్చుంది, దాని మీది అక్షరాలు కనపడలేదు. పర్చూరు అఖిలకు పంపి చూస్తే, ఆమె దగ్గర నెట్ స్లో కాబట్టి బొమ్మ అసలు రాలేదు. బొమ్మ చోట ఎర్ర ఇంటూ గుర్తు వేసిన ఖాళీ పెట్టె వచ్చింది.

"పోనీలే, రేపు ఇంకోటి చూద్దాం. నాకు బస్సు టైమైంది" అని లేచింది వెంకటేశ్వరమ్మ.

ఆ మర్నాడే బుల్లయ్య పైకొచ్చాడు. ఎప్పుడూ రాడు. అద్దె కూడా కిందే తీసుకుంటాడు. బట్టతల తుడుచుకుంటూ వచ్చి, ఖాళీ కుర్చీలో కూర్చుని, బ్యాగులోంచి ఒక కాగితం తీసి టేబుల్ మీద పరిచాడు.

"చూడమ్మా ఎట్లా ఉందో."

మందపాటి నిగనిగలాడే కాగితం. పైన బంగారు రంగులో తోటకబురు అని తెలుగు అక్షరాలు. ఇంత అందమైన అక్షరాలు నగ్మా ఎక్కడా చూడలేదు. కింద ఎర్రగా పండిన మిరప తోట, నిజంగా ఇక్కడి తోటే, ఇక్కడి మట్టే. పక్కన తలపాగా చుట్టుకున్న రైతు. మూలన చిన్న గుండ్రంలో ఆకుపచ్చ వజ్రం గుర్తు.

"హైదరాబాదులో మా హరితవజ్ర కంపెనీ డిజైనరు చేశాడు. మీరేదో మొదలుపెట్టారని సత్తెనపల్లిలో కాగితం చూసినవాళ్లు చెప్పారు, నాకూ సంతోషమేసింది. ప్రతి నెలా రంగుల్లో వాళ్లే చేసిస్తారు. రెండు వేల అడ్రసులు కూడా వాళ్ల దగ్గరున్నాయి. నువ్వు పంపడమే. నీకింత జీతం అని కూడా ఇస్తారు. పైన ఆ గుర్తు ఉంటుంది, అంతే."

నిజం చెప్పాలంటే నగ్మాకు ఆశ పుట్టింది. వారం రోజులుగా మంచునూ గ్లాసులనూ చూసిన కళ్లకు ఆ కాగితం మీది మిరపకాయలు ఎర్రగా, చేత్తో తాకితే మంట పుట్టేంత నిజంగా కనిపించాయి. వేలితో ఆ బంగారు అక్షరాల మీద రాసి చూసింది. తర్వాత కాగితం తిప్పింది. లోపల పదకొండు మంది పేర్లు లేవు. ఆ చోట 'ముడతకు విరుగుడు' అని పెద్ద వ్యాసం, దాని నడుమ ఆకుపచ్చ సీసా.

"పిన్ని రాసిన పేజీ ఏదండీ?"

"అదొక్కటీ వద్దమ్మా. వాళ్లు నీళ్లు తక్కువ కలిపి ఉంటారు, లేకపోతే ఎండలో కొట్టి ఉంటారు. దానికి మందునంటే ఎట్లా?"

"అదే రాద్దామండీ. వాళ్లు ఎంత కలిపారో వాళ్ల పేరు కింద ఉంది. మీ కంపెనీవాళ్లు ఎంత కలపమన్నారో మీరు చెప్పండి, పక్కనే వేస్తాను."

బుల్లయ్య నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"నగ్మా, ఈ రోడ్డులో నీకెవరూ గది ఇవ్వని రోజున నేనిచ్చా. మర్చిపోయావా?"

"మర్చిపోలేదండీ."

"నా గదిలో కూర్చుని నా కొట్టు మీదే రాస్తావా? ఆలోచించుకో. ఆ వెంకటేశ్వరమ్మకేం, బస్సెక్కి వెళ్లిపోతుంది. ఖాళీ చేయాల్సింది నువ్వు."

కాగితం అక్కడే వదిలేసి మెట్లు దిగిపోయాడు.

ఆ సాయంత్రం షిఫ్టు దిగి వచ్చి, ముఖం కడుక్కుని వాకిట్లో కూర్చున్న తండ్రితో నగ్మా అంతా చెప్పింది. ఇమాం హుస్సేన్ చొక్కా జేబు మీద పత్తి నూగు ఇంకా అంటుకునే ఉంది. దాన్ని గిల్లి పారేస్తూ విన్నాడు.

"ఆయన చేసిన సాయం చిన్నది కాదమ్మా. నలుగురూ నన్ను చూసి నవ్వుతుంటే ఆయనొక్కడే మాటిచ్చాడు."

"గది ఇచ్చాడు నాన్నా. బదులుగా నా నోరు అడగలేదుగా అప్పుడు. అడిగి ఉంటే మనం వేరే గది చూసుకునేవాళ్లం."

"ఏదీ, ఆ రాసిందేదో చదువు ఓసారి."

ఆమె నోటుపుస్తకం తెచ్చి మొదటి పేరు నుంచి చదవడం మొదలుపెట్టింది. ఊరు, తేదీ, ఎన్ని ఎకరాలు, ఎన్నో రోజుకు ఆకు ముడిచింది. ఏడో పేరు దగ్గర గొంతు తగ్గించింది. "ఖాదర్ వలి. రెండెకరాలు, కౌలు. రెండుసార్లు కొట్టాడు. పూత మొత్తం రాలింది."

ఖాదర్ వలి ఇమాం హుస్సేన్ సొంత తమ్ముడు.

"వాడా? మొన్న శుక్రవారం మసీదు దగ్గర కలిశాడు. తోట ఎట్లా ఉందిరా అంటే బ్రహ్మాండంగా ఉందన్నాడే నాతో."

"నీకు చెప్పొద్దని పిన్నితో అన్నాడంట. నువ్వు దిగులుపడతావని."

ఇమాం హుస్సేన్ చేతిలోని తువ్వాలును మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. లేచి కుండలో నీళ్లు ముంచుకుని తాగి వచ్చాడు.

"వాడి పేరు తీసెయ్యమని ఎవరైనా అడిగితే తియ్యొద్దు. పక్కన మా నాయన పేరు కూడా వెయ్. ఫలానా ఇంటివాడని తెలవాల. గది సంగతి నేను చూసుకుంటా."

మర్నాడు కబురందుకుని వెంకటేశ్వరమ్మ పొద్దున బస్సుకే వచ్చింది. మెట్లెక్కి రాగానే, ఆయాసం కూడా తీర్చుకోకుండా, "వద్దులే అమ్మాయ్" అంది. "ఆ పేజీ ఆపేద్దాం. వేపకషాయం ఎట్లా చెయ్యాలో, అట్టలు ఎక్కడ కట్టాలో అవే రాద్దాం. నా నోటి దురద కోసం నీ బతుకు రోడ్డున పడకూడదు. ఆడపిల్లవు, ఇంకో గది ఎవరిస్తారు నీకు?"

ఆమె అట్లా తగ్గి మాట్లాడటం నగ్మా ఎప్పుడూ వినలేదు. జాలి వెయ్యలేదు, కోపమొచ్చింది.

"నాకోసం ఆపుతానంటే నేనొప్పుకోను పిన్నీ. నువ్వు ఆపినా నేను పంపుతా. నా బాబాయి పేరుంది దాంట్లో. ఆ పేజీ లేకపోతే ఇక ఇదెందుకు? వేపకషాయం సంగతి రేడియోవాడు కూడా చెప్తాడు." బుల్లయ్య వదిలివెళ్లిన కాగితం ఆమె ముందుకు తోసింది. "ఇదిగో, ఎంత బాగుందో చూడు. దీన్నే వద్దనుకున్నా. ఇక నన్ను భయపెట్టడానికి ఏముంది?"

వెంకటేశ్వరమ్మ ఆ కాగితాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది. మిరపకాయల మీద కళ్లు నిలిచాయి ఒక్క క్షణం. తర్వాత దాన్ని బోర్లా పెట్టి, చేత్తో పక్కకు తోసేసింది.

"సరే, కూర్చో. ఇంకా ఎన్ని బొమ్మలున్నాయో తియ్."

ఈసారి ఏం కావాలో ఇద్దరికీ తెలుసు. రంగు అక్కర్లేదు, ఏ నెట్ సెంటర్లోనైనా నలుపు తెలుపుల్లోనే ప్రింటవుతుంది. బొమ్మ అక్కర్లేదు, సగం చోట్ల రాదు. రెండు నిలువు వరసలూ అక్కర్లేదు, గోడ మీద చదివేవాడికి కింద నుంచి మళ్లీ పైకెక్కడం కష్టం. అలా తీసేసుకుంటూ పోతే చివరికి ఒక్కటి మిగిలింది. వందలో ఎనభయ్యో తొంభయ్యో నంబరు. అంతకు ముందు నగ్మా దాన్ని రెండుసార్లు చూసి దాటేసింది. తెల్లటి పేజీ, చుట్టూ ఒక్క నల్లగీత, పైన పేరుకు చోటు, దాని కింద తేదీకి చోటు. పేరు చోట 'మీ కంపెనీ గుర్తు ఇక్కడ' అని ఇంగ్లీషులో ఉంది. నగ్మా ఆ మాట చెరిపేసి, పెద్ద అక్షరాల్లో తోటకబురు అని కొట్టింది. బంగారు రంగు లేదు, వంపులు లేవు. పొలం గట్టు మీద నిలబడి పిలిచినంత స్పష్టంగా ఉంది.

అడుగున మాత్రం ఒక మాట పోవడం లేదు. ఆ నమూనా ఇచ్చిన వెబ్‌సైటు పేరు. దాన్ని తీసెయ్యకూడదని షరతు.

"దాన్ని తీసే ఉపాయం ఉంది పిన్నీ, కానీ తియ్యొద్దన్నాడు."

"ఉండనీ. ఊరికే ఇచ్చినవాడి పేరు అడుగున ఉంటే మనకేం నామోషీ? నెత్తిన ఉండకూడదు గానీ."

పదకొండు పేర్లూ ఆ నల్లగీత లోపలికి వచ్చాయి. ప్రతి పేరు పక్కనా తండ్రి పేరు, ఊరు. ఆఖరున వెంకటేశ్వరమ్మ చెప్తే నగ్మా కొట్టిన రెండు వాక్యాలు. 'ఇది మా కళ్లతో చూసింది. మీ తోటలో వేరేగా జరిగితే, పేరుతో రాసి పంపండి, అదీ వేస్తాం.' దాని కింద వెంకటేశ్వరమ్మ పేరు, నగ్మా పేరు, ఫోను నంబరు.

ఒక కాపీ తీసి గోడకు అంటించి, ఇద్దరూ ఆరడుగులు వెనక్కి జరిగి చదివారు. కనపడింది. శుక్రవారం పదకొండు గంటలకు, ముప్పై ఎనిమిది అడ్రసులకు, నగ్మా పంపమని నొక్కింది.

గంటలో సుభానీ ఫోను. "ఇప్పుడు ఆగి చదువుతున్నారు చెల్లెమ్మా. ఒకాయన నన్నే చదివి వినిపించమన్నాడు. ముగ్గురు జెరాక్స్ తీసుకెళ్లారు." సాయంత్రం మళ్లీ చేశాడు. "ఎవరో చింపేశారు. నేను ఇంకోటి తీసి అద్దానికి లోపలివైపు అంటించా. ఇప్పుడు చింపమను చూద్దాం."

శనివారం బుల్లయ్య గుమాస్తా వచ్చి, నెలాఖరుకు గది ఖాళీ చెయ్యమన్నారని చెప్పి, ఆమె ముఖంలోకి చూడకుండా దిగిపోయాడు. నగ్మా నెలాఖరు దాకా ఆగలేదు. సోమవారం మిట్టమధ్యాహ్నం, మార్కెట్ రోడ్డు కిటకిటలాడుతుండగా, బుల్లయ్య కొట్టు ముందు ఒక ట్రాక్టరు వచ్చి ఆగింది. తొట్టిలో గడ్డి పరిచి, దాని మీద దుప్పట్లు వేసుకుని పన్నెండు మంది ఆడవాళ్లు కూర్చున్నారు. ముందు నిలబడి ఉంది వెంకటేశ్వరమ్మ.

"ఒసే, ఆ టీవీల్లాంటివి జాగర్తే, పసిపిల్లల్లాగా పట్టుకోవాల" అని కేకలేస్తూ ఆమె మెట్లెక్కింది. మానిటర్లు ఒక్కొక్కటీ ఒక్కొక్క ఒడిలోకి వచ్చాయి. జెరాక్స్ మిషను దించడానికి కూరగాయల బండివాళ్లు ఇద్దరు అడక్కుండానే చెయ్యేశారు. మిల్లులో సగం పూట సెలవు పెట్టి వచ్చిన ఇమాం హుస్సేన్ వైర్లు చుట్టి భుజాన వేసుకున్నాడు. కొట్టు గల్లాపెట్టె దగ్గర కూర్చున్న బుల్లయ్య ముందు ఆగి, తాళం చెవి అందించాడు.

"గది ఊడ్చి ఇచ్చాం బుల్లయ్యగారూ. ఇచ్చినందుకు మీకెప్పుడూ దణ్ణమే."

బుల్లయ్య తాళం చెవి అందుకున్నాడు. బయట అంతమంది చూస్తుండేసరికి దాన్ని గల్లాపెట్టెలో వేసి, తల వంచుకుని బిల్లు పుస్తకం తెరిచాడు.

ట్రాక్టరు కదిలింది. నగ్మా ప్రింటరు ఒళ్లో పెట్టుకుని ఆడవాళ్ల నడుమ కూర్చుంది. రోడ్డుకు రెండు వైపులా కొట్లవాళ్లు బయటికొచ్చి చూస్తున్నారు. తల దించుకోవాలని ఆమెకు అనిపించలేదు. ఒకరిద్దరు తెలిసినవాళ్లు, "ఎక్కడికమ్మా?" అంటే, "మా ఇంటి ముందుగదికి. రండి, రేపట్నించి అక్కడే" అని అందరికీ వినపడేట్టు చెప్పింది.

ఇంటికి ఫోను లైను మార్చడానికి మూడు వారాలు పట్టింది. గిరాకీ సగం పడిపోయింది. ఆ రెండు మూడు నెలలు ఇల్లు తండ్రి జీతం మీదే నడిచింది, అది దాచవలసిన సంగతేం కాదు. రెండో సంచిక పంపడానికి నగ్మా బస్సెక్కి సత్తెనపల్లి వెళ్లి, సుభానీ సెంటర్లో కూర్చుని పంపి వచ్చింది. దాంట్లో ఇరవై మూడు పేర్లున్నాయి. కొన్ని ఉత్తరాల్లో వచ్చాయి, కొన్ని ఫోన్లో. పర్చూరు నుంచి ఒక పొగాకు రైతు, తను మిరప వెయ్యకపోయినా, తన బావమరిది పేరు వెయ్యమని రాసి పంపాడు. ఒకాయన తన తోటలో హరితవజ్ర బాగానే పనిచేసిందని రాశాడు. అదీ వేశారు, ఆయన పేరుతో, అదే సైజు అక్షరాల్లో.

డిసెంబరు మధ్యలో వ్యవసాయ అధికారి ఒకరు ఆ రెండు కాగితాలూ చేత్తో పట్టుకుని కొట్లలో సీసాల నమూనాలు తీయించారు. ఫలితం రావడానికి సంక్రాంతి దాటింది. ఆ సీసాలో మొక్కకు పనికొచ్చేది ఏదీ లేదని, పైపెచ్చు పేరు చెప్పని రసాయనం ఒకటి కలిసి ఉందని తేలింది. అప్పటికే ఆకుపచ్చ సీసాలు కొట్ల అరల్లోంచి మాయమయ్యాయి. రాలిన పూత మాత్రం ఎవరికీ తిరిగి రాలేదు. ఖాదర్ వలి ఆ ఏడు కౌలు భూమి వదులుకుని జిన్నింగ్ మిల్లులో అన్న పక్కన పనిలో చేరాడు.

ఒక ఆదివారం బుల్లయ్య నగ్మా ఇంటికి వచ్చాడు. ముందుగదిలో వెంకటేశ్వరమ్మ కూడా ఉంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"కంపెనీవాడు నన్నూ ముంచాడమ్మా. ఫోను ఎత్తడం లేదు. లైసెన్సు కాగితాలు కూడా దొంగవంట. అది కూడా రాయండి. నా పేరు మాత్రం వద్దు."

"పేరు లేకుండా వెయ్యమండీ" అంది నగ్మా. "ఖాదర్ వలి బాబాయి పేరే వేశాం."

"నేను వ్యాపారం చేసుకునేవాణ్ణి."

"వాళ్లు సేద్యం చేసుకునేవాళ్లు బుల్లయ్యా" అంది వెంకటేశ్వరమ్మ, గొంతు పెంచకుండా. నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి, పెన్ను దాని మీద పెట్టి, అతని వైపు జరిపింది.

బుల్లయ్య దాన్ని చూస్తూ నిలబడ్డాడు. పెన్ను ముట్టుకోలేదు. వెళ్లిపోయాడు. ఆ సంగతి మూడో సంచికలో రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు.

మార్చిలో యాభై ఒకటో అడ్రసు కలపబోతే, టెంప్లేటు ఇచ్చిన వెబ్‌సైటు ఇక ముందు కార్డు నంబరు ఇమ్మని అడ్డం పడింది. యాభై దాకానే ఉచితమట. నగ్మా ఒక నిమిషం తెర వైపు చూసి, ఆ పేజీ మూసేసింది. ఈ నాలుగు నెలల్లో ఆ నల్లగీత వెనక ఏ కోడు ఉందో, అక్షరం ఎట్లా పెద్దదవుతుందో తెరిచి చూసి నేర్చుకుంది. రెండు మధ్యాహ్నాలు కూర్చుని సొంతంగా ఒకటి తయారుచేసింది. గీత కొంచెం లావు, తేదీ తెలుగు నెలల్లో, పేర్ల వరసకు వెడల్పు ఎక్కువ. పైగా, తెలుగు ఫాంటు ఎట్లా తెప్పించుకోవాలో మూడు ముక్కల్లో అదే పేజీలో ఉంది.

దాన్ని తోటకబురు అడ్రసులన్నిటికీ పంపింది. 'ఇది మీరు కూడా వాడుకోవచ్చు. డబ్బక్కర్లేదు, మమ్మల్ని అడగక్కర్లేదు, మా పేరూ అక్కర్లేదు. మీ ఊరి సంగతి రాసుకోండి' అని రెండు ముక్కలు జోడించింది.

మూడో రోజు సుభానీ ఫోను.

"చెల్లెమ్మా, ఇక్కడ పత్తి రైతులు పదిమంది వచ్చి కూర్చున్నారు. తూకాల్లో మోసం గురించి రాయాలంట. పైన ఏం పేరు పెట్టమంటావ్?"

"నన్నడుగుతావేంటన్నా, వాళ్లనడుగు" అంది నగ్మా.

ఫోన్లో వెనకాల నలుగురైదుగురు ఒకేసారి అరుస్తున్నారు. ఒకడు ఒక పేరంటాడు, ఇంకొకడు కాదంటాడు. నగ్మా ఫోను స్పీకర్లో పెట్టి, పక్కనే కూర్చున్న వెంకటేశ్వరమ్మ కూడా వినేలా టేబుల్ నడిమికి జరిపింది.